నెట్‌ఫ్లిక్స్ పోరాడింది ఎవరి కోసం? నెట్ న్యూట్రాలిటీలో పెద్ద స్ట్రీమింగ్ కంపెనీల పాత్ర

కృష్ణాతీరం:

2025 జనవరి 2న అమెరికాలో ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు నెట్ న్యూట్రాలిటీ (నెట్ తటస్థత) నిబంధనలను, అంటే ఇంటర్నెట్ సంస్థలు అందరి డేటానూ ఒకేలా చూడాలనే నియమాలను, కొట్టివేసింది. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 3–2 ఓట్లతో తిరిగి తెచ్చిన నిబంధనలవి. 2015లో వచ్చాయి, 2017 డిసెంబర్‌లో పోయాయి, 2024లో మళ్లీ వచ్చాయి, ఇప్పుడు మళ్లీ పోయాయి.

తీర్పు మంచిచెడ్డల కోసం నేను ఈ చర్చ మొదలుపెట్టలేదు. చాలాకాలంగా నన్ను తొలిచేస్తున్నది స్ట్రీమింగ్ కంపెనీల సంగతి. 2014 మార్చి 20న నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్, ఇంటర్నెట్ సంస్థలు తమ దగ్గర టోలు వసూలు చేస్తున్నాయని, బలమైన తటస్థత నియమాలు కావాలని కంపెనీ బ్లాగులో రాశారు. ఆ సెప్టెంబర్ 10న నెట్ నెమ్మదిస్తే ఎలా ఉంటుందో చూపడానికి ఎన్నో సైట్లు గిరగిరా తిరిగే గుర్తు పెట్టుకుంటే, వాటిలో నెట్‌ఫ్లిక్స్ ముందు వరుసలో ఉంది. ఎఫ్‌సీసీకి దాదాపు 40 లక్షల అభిప్రాయాలు వెళ్లాయి.

మూడేళ్లు గడిచాయి. 2017 జనవరిలో వాటాదారులకు రాసిన లేఖలో అదే కంపెనీ, నిబంధనలు బలహీనపడినా తమ లాభాలకు గానీ సేవల నాణ్యతకు గానీ పెద్దగా నష్టం ఉండదని చెప్పింది. మే చివర్లో టెక్ రంగం వాళ్ల కోడ్ సదస్సులో హేస్టింగ్స్ ఇంకాస్త సూటిగా మాట్లాడారు. ఇది ఇప్పుడు తమ ప్రధాన పోరాటం కాదని, కావలసిన ఒప్పందాలు కుదుర్చుకోగలిగినంత పెద్దవాళ్లమయ్యామని అన్నారు. విమర్శలు వచ్చాక జూలై 12 నిరసన దినంలో మళ్లీ పాల్గొన్నారు. అయినా ఆ మాట నాకు మింగుడు పడలేదు. అప్పట్లో సంతకాలు చేసిన లక్షల మందిలో నేనూ ఒకణ్ని కాకపోయినా, వాళ్ల తరఫున కోపం వస్తుంది. ఆ పోరాటం ఎవరి కోసం జరిగినట్టు?

ఫైబర్ రమణ:

కృష్ణాతీరం గారూ, 2014 గొడవలో రెండు వేర్వేరు విషయాలు కలగలిసిపోయాయి. వాటిని విడదీయకపోతే ఎవరు ఎవరి కోసం పోరాడారో తేలదు. గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థలో నెట్‌వర్క్ పని చూసేవాణ్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మన ఇంటికి వచ్చే లైనులో ఒకరి ప్యాకెట్లను (డేటా ముక్కలను) ముందు పంపి మరొకరివి ఆపడం అనేది అందరికీ తెలిసిన నెట్ న్యూట్రాలిటీ సమస్య. అమెరికాలో ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే కామ్‌కాస్ట్‌కూ నెట్‌ఫ్లిక్స్‌కూ మధ్య నడిచిన తగువు అక్కడ లేదు. రెండు నెట్‌వర్క్‌లు కలిసే చోట, అంటే ఇంటర్‌కనెక్షన్ దగ్గర ఉంది. నెట్‌ఫ్లిక్స్ వీడియోలు కోజెంట్, లెవెల్ 3 వంటి ట్రాన్సిట్ కంపెనీల (ఒక నెట్‌వర్క్ నుంచి మరోదానికి ట్రాఫిక్ మోసేవాళ్ల) మీదుగా వచ్చి కామ్‌కాస్ట్ గుమ్మం దగ్గర ఇరుక్కునేవి. అక్కడి పోర్టులు, అంటే లింకులు తగిలించే చోట్లు, నిండిపోయాయి.

పోర్టు నిండితే మాకు ఎలా తెలుస్తుందంటే, ప్రతి లింకుకూ రోజంతా ట్రాఫిక్ గ్రాఫు నడుస్తూ ఉంటుంది. పగలు మెల్లగా ఎక్కి, రాత్రి తొమ్మిది పది గంటలకు శిఖరం చేరి, అర్ధరాత్రి దాటాక దిగుతుంది. నిండిన లింకులో ఆ శిఖరం ఉండదు. ఏడున్నరకే గ్రాఫు పైఅంచును తాకి, పదకొండు దాకా స్కేలు పెట్టి గీసినట్టు బల్లపరుపుగా సాగుతుంది. ఆ సేపంతా ప్యాకెట్లు రాలిపోతూనే ఉంటాయి. అవి నెట్‌ఫ్లిక్స్‌వా, అదే లింకు మీద వచ్చే ఏ చిన్న కాలేజీ సైటువా అని రౌటరు చూడదు. అందుకే ఇక్కడ ఎవరినీ ప్రత్యేకంగా ఆపలేదని ఇంటర్నెట్ సంస్థ నిజాయతీగానే చెప్పగలదు. ఇంకో పోర్టు కలపకుండా ఊరుకుంటే చాలు, పని జరిగిపోతుంది.

పోర్టు కలపడం పెద్ద ఖర్చేమీ కాదు. 2014 జూలైలో మరో ఇంటర్నెట్ సంస్థ వెరిజాన్ గురించి రాస్తూ లెవెల్ 3 అధికారి ఒకరు, రౌటరు కార్డుకు అయ్యేది కొన్ని వేల డాలర్లేనని, కావాలంటే తామే కొనిస్తామని బహిరంగంగా చెప్పారు. అదే కంపెనీ ఆ మే నెలలో, అమెరికాలో 5, ఐరోపాలో 1 ఇంటర్నెట్ సంస్థలు తమతో ఉన్న లింకులను కావాలనే విస్తరించడం లేదని కూడా ప్రకటించింది.

చివరికి 2014 ఫిబ్రవరి 23న నెట్‌ఫ్లిక్స్ నేరుగా కామ్‌కాస్ట్‌కే డబ్బు కట్టి కలుపుకొనే ఒప్పందం ప్రకటించింది. తర్వాత వెరిజాన్, ఏటీ అండ్ టీలతోనూ అంతే. నెట్‌ఫ్లిక్స్ సొంత లెక్క ప్రకారం కామ్‌కాస్ట్ చందాదారులకు అందిన సగటు వేగం జనవరిలో 1.51 ఎంబీపీఎస్, మార్చిలో 2.5. ఎక్కడా రోడ్లు తవ్వలేదు, కొత్త తీగలు లాగలేదు. వారాల వ్యవధిలో అంత మార్పు వచ్చిందంటే ఇరుకు ఎక్కడుందో అర్థమవుతుంది.

న్యూజెర్సీ తెలుగింటి:

రమణ గారు చెప్పిన ఆ బల్లపరుపు గీతకు ఇవతలి కొసన ఉన్నవాళ్లం మేము. ఆ చలికాలం రాత్రి భోజనాలయ్యాక సినిమా పెడితే మనుషుల ముఖాలు చదరాలు చదరాలుగా కనిపించేవి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే స్పీడ్ టెస్ట్ చేయమనేవారు. చేస్తే చెప్పిన వేగం చెప్పినట్టే వచ్చేది! ఎందుకంటే ఆ పరీక్ష వాళ్ల నెట్‌వర్క్ లోపలే తిరిగి వస్తుంది, నిండిన గుమ్మం దాకా వెళ్లదు. మీ వైఫై సరిగా లేదు, లేదా పై ప్లాన్‌కు మారండి అనే సమాధానం వచ్చేది. మా ఇంటాయన నిజంగానే పై ప్లాన్‌కు మారారు. నెలకు ఇరవై డాలర్లు ఎక్కువ కట్టినా ముఖాలు చదరాలుగానే ఉన్నాయి.

మా అపార్ట్‌మెంట్ సముదాయానికి లైను వేసిన కంపెనీ ఒక్కటే. నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లే దారి లేదు. ఆ కంపెనీకి నెట్‌ఫ్లిక్స్‌తో బేరమాడే బలం మా వల్లే వచ్చింది. మమ్మల్ని చేరాలంటే ఆ ఒక్క గుమ్మమే గతి కదా. చందాదారులకు ఒక్కరికి కూడా ఆ బేరంలో చోటు లేదు. కంపెనీల పేర్లు పక్కన పెట్టి ఈ సంగతి ఆలోచించమని కోరుతున్నాను.

ఇంకో మాట. 2014 వేసవిలో నెట్‌ఫ్లిక్స్ తన తెర మీదే, ఫలానా నెట్‌వర్క్ ఇప్పుడు రద్దీగా ఉంది అని వెరిజాన్ పేరుతో సందేశాలు చూపింది. జూన్‌లో వెరిజాన్ లాయరు నోటీసు పంపింది. ఆ ప్రయోగం ఆ నెలాఖరు దాకా కూడా సాగలేదు. అప్పట్లో మాలాంటి వాళ్లకు తప్పు ఎక్కడుందో మొదటిసారి చెప్పింది ఆ సందేశమే. దానికి మాత్రం నెట్‌ఫ్లిక్స్‌కు కృతజ్ఞతలు చెబుతాను.

విశ్రాంత టెలికాం:

టెలికాం శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని. అవతలి పక్షం మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

2013, 2014 లెక్కల ప్రకారం ఉత్తర అమెరికాలో సాయంత్రం రద్దీ వేళ ఇళ్లకు వచ్చే ట్రాఫిక్‌లో మూడో వంతు ఒక్క నెట్‌ఫ్లిక్స్‌దే. ఇంత భారం ఒక్కరి నుంచి వస్తున్నప్పుడు నెట్‌వర్క్ విస్తరణ ఖర్చు అందరి మీదా సమానంగా వేయడం న్యాయమా? వీడియో అసలు చూడని ముసలాయన కూడా ఆ ఖర్చు మోయాలా? పది ఎకరాల రైతు, అర ఎకరం రైతు ఒకే నీటి తీరువా కట్టరు కదా. మన దేశంలో 2023లో సెల్యులర్ ఆపరేటర్ల సంఘం అడిగింది ఇదే. భారీగా ట్రాఫిక్ పంపే కంపెనీలు కొంత వాటా ఇవ్వాలంది. టవర్లు వేసేవాడికి, ఫైబర్ పాతేవాడికి డబ్బు ఎక్కడి నుంచో రావాలి.

ఇక నెట్‌ఫ్లిక్స్ నీతి గురించి. 2016 మార్చిలో ఏం బయటపడిందో గుర్తు చేస్తాను. ఏటీ అండ్ టీ, వెరిజాన్ మొబైల్ చందాదారులకు వీడియో వేగాన్ని 600 కేబీపీఎస్‌కు మించకుండా ఐదేళ్లకు పైగా నెట్‌ఫ్లిక్సే తగ్గిస్తూ వచ్చింది. చందాదారుల డేటా త్వరగా అయిపోకుండా అలా చేశామంది. టీ-మొబైల్, స్ప్రింట్ వాళ్లకు మాత్రం తగ్గించలేదు. కోటా దాటితే ఆ కంపెనీలు అదనపు బిల్లు వేయకుండా వేగం తగ్గిస్తాయన్నది దాని వాదన. కారణం ఏదైనా కావచ్చు, చూసేవాడికి ఒక్క ముక్క చెప్పలేదు. వేగం తగ్గిస్తున్నారని ఇంటర్నెట్ సంస్థల మీద ఊరూవాడా ఏకం చేస్తూనే చేసిన పని ఇది.

న్యాయదీపిక:

600 కేబీపీఎస్ వ్యవహారం చట్టం దృష్టిలో నెట్ న్యూట్రాలిటీ ఉల్లంఘన కాదు. 2015 ఫిబ్రవరి 26న ఎఫ్‌సీసీ ఆమోదించిన ఉత్తర్వు ఇంటర్నెట్ సేవ ఇచ్చే సంస్థలను కట్టడి చేసింది, వీడియో ఇచ్చేవాళ్లను కాదు. ఆపకూడదు, వేగం తగ్గించకూడదు, డబ్బు తీసుకుని ఒకరికి ముందు దారి ఇవ్వకూడదు అన్న మూడు నిషేధాలూ వాళ్లకే. నైతికంగా విశ్రాంత గారి అభ్యంతరం మాత్రం బలమైనదే.

అసలు చూడవలసింది ఆ ఉత్తర్వులో ఇంటర్‌కనెక్షన్‌కు ఏం దక్కిందన్నది. నెట్‌ఫ్లిక్స్ అంత గట్టిగా కోరినా గుమ్మం దగ్గర డబ్బు అడగకూడదనే నిషేధం రాలేదు. ఫిర్యాదు వస్తే దేనికది విడిగా పరిశీలిస్తామని మాత్రమే అన్నారు. అప్పటికే ఒప్పందాలు కుదిరి ఉన్నాయి, వీడియోలు సాఫీగా సాగుతున్నాయి. ఆ తర్వాత నెట్‌ఫ్లిక్స్ ఉత్సాహం ఎందుకు తగ్గిందో దీన్నిబట్టి ఊహించడం కష్టం కాదు.

ఇది నెట్‌ఫ్లిక్స్ ఒక్కదాని గుణమూ కాదు. యూట్యూబ్ యజమాని గూగుల్ ఒకప్పుడు తటస్థతకు పెద్ద గొంతు. 2010 ఆగస్టులో వెరిజాన్‌తో కలిసి ఒక ప్రతిపాదన తెచ్చి, అందులో మొబైల్ నెట్‌వర్క్‌లను చాలా నిబంధనల నుంచి మినహాయించింది. ఆండ్రాయిడ్ ఫోన్ల అమ్మకాలు ఊపందుకుంటున్న రోజులవి. నెట్‌ఫ్లిక్స్ 2015లో ఆస్ట్రేలియాలో అడుగుపెడుతూ, అక్కడి ఇంటర్నెట్ సంస్థ ఐఐనెట్ చందాదారులకు తన వీడియోలు డేటా కోటాలో లెక్కకు రాకుండా ఏర్పాటు చేసుకుంది. అమెరికాలో ఏ పద్ధతిని తప్పుబట్టిందో అదే పద్ధతి. విమర్శలు వచ్చాక విచారం తెలిపింది. అదే ఏడాది నవంబర్‌లో టీ-మొబైల్ బింజ్ ఆన్ పథకం తెస్తే మొదటి జాబితాలోనే చేరింది. వీడియో 480పీ నాణ్యతకు తగ్గుతుంది, కోటా మాత్రం ఖర్చు కాదు. జాబితాలో లేని సైట్ల వీడియోలకూ వేగం తగ్గిందని, వాటికి కోటా మినహాయింపు మాత్రం లేదని రెండు నెలల్లో డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ పరీక్షల్లో తేలింది.

సువాన్ స్వప్న:

నీటి తీరువా వాదన కొరియాలో ఆచరణలో ఎలా నడిచిందో ఇక్కడ ఉంటున్నదాన్ని కాబట్టి రాస్తాను. ఇంటర్నెట్ సంస్థల మధ్య ట్రాఫిక్ పంపినవాడే డబ్బు కట్టాలనే నియమం 2016 నుంచి ఇక్కడ ఉంది. ప్రపంచంలో ఎక్కువచోట్ల ఇలా లేదు.

ఇక్కడి ఇంటర్నెట్ సంస్థ ఎస్‌కే బ్రాడ్‌బ్యాండ్ నెట్‌ఫ్లిక్స్‌ను వాడుక రుసుము అడిగింది. కట్టనక్కర్లేదని ప్రకటించమని 2020 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్ కోర్టుకు వెళ్లింది. 2021 జూన్‌లో సియోల్ కోర్టు నెట్‌ఫ్లిక్స్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. కొన్ని నెలల్లో స్క్విడ్ గేమ్ వచ్చింది. 2018 మేతో పోలిస్తే తమ నెట్‌వర్క్ మీద నెట్‌ఫ్లిక్స్ ట్రాఫిక్ 24 రెట్లు పెరిగి సెకనుకు 1.2 లక్షల కోట్ల బిట్లకు చేరిందని ఎస్‌కే దావా వేసింది. 2020 ఒక్క ఏడాదికే 2,720 కోట్ల వాన్‌లు రావాలని లెక్క చెప్పింది. నెట్‌ఫ్లిక్స్ ఏమందంటే, కాష్ సర్వర్లు (వీడియోల నకళ్లు దాచుకునే పెట్టెలు) ఉచితంగా ఇస్తాం, మీ కేంద్రాల్లో పెట్టుకోండి, విదేశీ లింకు భారమే ఉండదు అని. ఎస్‌కే ఒప్పుకోలేదు. చివరికి 2023 సెప్టెంబర్‌లో ఇద్దరూ రాజీపడి, కేసులు వెనక్కి తీసుకుని, వ్యాపార భాగస్వాములయ్యారు.

ఇప్పుడు రెండో కథ. గేములు ఆడుతూ ప్రత్యక్ష ప్రసారం చేసేవాళ్ల వేదిక ట్విచ్. నా సహోద్యోగుల్లో సగం మంది దాన్నే చూసేవారు. 2022 సెప్టెంబర్‌లో కొరియాలో నాణ్యతను 720పీకి తగ్గించారు. అయినా ఖర్చు తట్టుకోలేక 2024 ఫిబ్రవరి 27న దేశం వదిలి వెళ్లిపోయారు. ఇక్కడ నెట్‌వర్క్ రుసుములు చాలా దేశాల కంటే 10 రెట్లు ఎక్కువని వాళ్ల అధిపతి చెప్పారు. ట్విచ్ కూడా అమెజాన్ సంస్థే, బీదదేమీ కాదు. దాని మీద ఆధారపడి బతికిన కొరియా కుర్రాళ్లు రాత్రికి రాత్రి వేరే వేదికలు వెతుక్కున్నారు.

విశ్రాంత టెలికాం:

స్వప్న గారి వివరాలు విలువైనవి. అయితే ట్విచ్ వెళ్లిపోయిందంటే రుసుము మరీ ఎక్కువ పెట్టారని అర్థం. రుసుమే తప్పని అర్థం కాదు.

ఫైబర్ రమణ:

విశ్రాంత గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. నీటి తీరువా పోలిక ఇక్కడ ఒక చోట తెగిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ మా నెట్‌వర్క్‌లోకి నీళ్లు తోయడం లేదు. మా చందాదారుడు మీట నొక్కి అడిగాడు కాబట్టి వస్తున్నాయి. అడిగినందుకు అతను నెలనెలా మాకు డబ్బు కడుతూనే ఉన్నాడు. అవతలి కొసన నెట్‌ఫ్లిక్స్ తన లింకుకు తాను కడుతోంది. ఇదే రుసుము గురించి ఐరోపా నియంత్రణ సంస్థల మండలి బెరెక్ 2022 అక్టోబర్‌లో పరిశీలించి, పెద్ద కంపెనీలు ఉచితంగా లబ్ధి పొందుతున్నాయన్న వాదనకు ఆధారం కనిపించలేదని చెప్పింది.

నన్ను వేధించేది మాత్రం వేరే ఉంది. నెట్‌ఫ్లిక్స్ 2012 నుంచి ఓపెన్ కనెక్ట్ పేరుతో సొంత కాష్ సర్వర్లు ఇంటర్నెట్ సంస్థలకు ఉచితంగా ఇస్తోంది. తెల్లవారుజామున ట్రాఫిక్ తక్కువగా ఉన్నప్పుడు అందులోకి కొత్త సినిమాలు ఎక్కించి పెడుతుంది. సాయంత్రం జనం చూసేటప్పుడు బయటి లింకు వాడవలసిన అవసరం ఉండదు. గూగుల్‌కూ ఇలాంటి ఏర్పాటు ఉంది. చాలా మంచి పద్ధతి, మా ఖర్చు బాగా తగ్గిస్తుంది. కానీ అది పొందాలంటే కనీసం ఇంత ట్రాఫిక్ ఉండాలనే షరతు ఉంటుంది. పెద్ద సంస్థలకు అది లెక్కే కాదు. మా వంటి వాళ్లం పైవాళ్ల దగ్గర కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్ మీదే నడిపించాలి, లేదా హైదరాబాద్‌లో నెట్‌వర్క్‌లన్నీ కలిసే ఎక్స్ఛేంజీ దాకా లింకు తీసుకోవాలి.

అటువైపూ అంతే. ఇంటింటికీ లైను ఇచ్చే నెట్‌వర్క్‌లో సొంత కాష్ పెట్టె పెట్టే స్తోమత ఉన్న వీడియో కంపెనీ నిండిన గుమ్మం సంగతి పట్టించుకోనక్కర్లేదు. ఆ స్తోమత లేనివాడి వీడియో మాత్రం ఆ గుమ్మం గుండానే రావాలి.

ఇంజనీరింగ్ విద్యార్థి:

నాదొక సందేహం. ఫోను రీచార్జితో ఓటీటీ చందా కలిపి ఇస్తున్నారు కదా, అది నెట్ న్యూట్రాలిటీకి విరుద్ధం కాదా?

న్యాయదీపిక:

ప్రస్తుత నియమాల ప్రకారం కాదు. 2016 ఫిబ్రవరి 8 నాటి ట్రాయ్ (మన టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధన ఏమంటుందంటే, చూసే విషయాన్ని బట్టి డేటా ధరలో తేడా ఉండకూడదు. ఉల్లంఘిస్తే రోజుకు 50,000 రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షలు జరిమానా. ఎంపిక చేసిన సైట్లు, యాప్‌లకే డేటా ఉచితమనే పథకాలు, 2015లో ఎయిర్‌టెల్ జీరో, ఆ తర్వాత ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ వచ్చినప్పుడు జనం పది లక్షలకు పైగా ఈమెయిళ్లు పంపి సాధించుకున్న నిబంధన అది. గమనించండి, మన దగ్గర ఆ పోరాటం ఏ స్ట్రీమింగ్ కంపెనీ నడపలేదు. నెట్‌ఫ్లిక్స్ మన దేశానికి వచ్చిందే 2016 జనవరిలో. అందుకే ఇక్కడి నిబంధన ఏ కంపెనీ వ్యాపార అవసరాన్నీ బట్టి మారలేదు.

చందా కలిపి ఇవ్వడం వేరు. 2023 ఆగస్టులో జియో 1,099 రూపాయల ప్రీపెయిడ్ ప్లాన్‌లో నెట్‌ఫ్లిక్స్ కలిపింది. అందులో వీడియో చూసినా వేరే ఏది చూసినా డేటా కోటా ఒకేలా తరుగుతుంది కాబట్టి నిబంధనకు అడ్డం రాదు. పోటీ చట్టం దృష్టితో చూస్తే అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. నెట్‌వర్క్, జియోహాట్‌స్టార్ రెండూ ఒకే గ్రూపు చేతిలో ఉన్న రోజులివి.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2017 నవంబర్‌లో ట్రాయ్ ఇచ్చిన సిఫార్సులు కాష్ సర్వర్ల వంటి సీడీఎన్ ఏర్పాట్లను తటస్థత నియమాల పరిధి బయట ఉంచాయి. అంటే రమణ గారు చెప్పిన గుమ్మం, పెట్టె రెండూ మన నియమాల్లోకి రావు.

కృష్ణాతీరం:

నేను అడిగిన ప్రశ్నకు ఇక్కడే జవాబు దొరుకుతోంది. నెట్‌ఫ్లిక్స్ తన కోసం పోరాడింది, గుమ్మం దగ్గర దారి దొరికాక పక్కకు తప్పుకుంది. వ్యాపారంగా చూస్తే వింత కాదు. ఆ గుమ్మం దగ్గర ఇప్పటికీ నిలబడి ఉన్నవాళ్ల సంగతి ఏమిటన్నదే నా బాధ. ఆహా వంటి ఒకటి రెండు భాషలకు పరిమితమైన వేదిక గానీ, పల్లెటూళ్లో ఉండి పోటీ పరీక్షల పాఠాలు వీడియోలుగా ఇచ్చే మాస్టారు గానీ దేశంలోని ప్రతి నెట్‌వర్క్‌లో పెట్టె పెట్టించలేరు. రేపు మన దగ్గరా వాటా రుసుము వస్తే పెద్దవాళ్లు కొరియాలోలాగా కూర్చుని రాజీపడతారు. మాస్టారితో రాజీకి ఎవరు కూర్చుంటారు?

2023 జూలై 7న ట్రాయ్ ఓటీటీల మీద సంప్రదింపు పత్రం తెచ్చినప్పుడు మనం ఎవరమూ తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ ఏమీ పంపలేదు. ఈసారి ముందే రాసి ఉంచుదాం. రమణ గారూ, సాంకేతికంగా ఏం అడగాలో చెప్పండి.

ఫైబర్ రమణ:

రెండు అడగండి. ఒకటి, ప్రతి పెద్ద ఇంటర్నెట్ సంస్థ తన ఇంటర్‌కనెక్షన్ లింకులు రద్దీ వేళ ఎంత శాతం నిండుతున్నాయో నెలనెలా ప్రకటించాలి. ఆ గ్రాఫులు అందరి దగ్గరా ఇప్పటికే ఉన్నాయి, కొత్తగా కొలవనక్కర్లేదు. రెండు, కాష్ సర్వర్‌కు చోటిచ్చే షరతులు, ధరలు అందరికీ ఒకేలా ఉండాలి, రాతపూర్వకంగా ఉండాలి.

న్యూజెర్సీ తెలుగింటి:

మొదటిది మాకు అప్పట్లో ఉండి ఉంటే ఆ ఇరవై డాలర్లు కట్టేవాళ్లం కాదు. తప్పకుండా చేర్చండి.

విశ్రాంత టెలికాం:

రుసుము మీద నా అభిప్రాయం మారలేదు. కానీ లింకుల నిండుదల ప్రకటించాలన్నది సరైన కోరిక. నేనూ సంతకం చేస్తాను. ఒక్కటి కలపండి: పల్లెల్లో ఫైబర్‌కు ఖర్చు పెట్టే డిజిటల్ భారత్ నిధిని పూర్తిగా, వేళకు వాడాలి. డబ్బు ఎక్కడి నుంచి రావాలన్న నా ప్రశ్నకు కొంత సమాధానం అక్కడ ఉంది.

కృష్ణాతీరం:

మూడూ చేరుస్తాను. ఆదివారం సాయంత్రానికి ముసాయిదా ఇక్కడే పెడతాను. స్వప్న గారూ, కొరియా భాగంలో తేదీలు, అంకెలు మీరు ఒకసారి సరిచూడండి. న్యాయదీపిక గారూ, సీడీఎన్ మినహాయింపు గురించిన పేరా మీరే రాస్తే బాగుంటుంది.